సాంబారు కవర్లో పొడి బట్టలు

మా అత్తగారి తరఫు వాళ్ళు నన్ను ‘సగంల మనిషి’ అంటారు. తిట్టడానికి కాదు, ఆట పట్టించడానికే. ఆటకే అయినా పాతికేళ్ళు అదే మాట వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. డిగ్రీ చివరి ఏడాదిలో పెళ్ళి చేశారు, పరీక్షలు రాయలేదు. స్కూటీ నేర్చుకుంటూ కోదాడ రోడ్డు మీద బర్రె అడ్డమొచ్చి పడ్డాను, మళ్ళీ బండి ముట్టలేదు. ఒక శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని మొక్కుకుని బయల్దేరాను. దేవరకొండ దాటానో లేదో, చిన్నోడికి జ్వరం ఎక్కువైందని ఫోనొచ్చింది. ఎదురుగా వచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, అన్నీ ఒప్పుకోదగ్గ కారణాలే. చూసేవాళ్ళకు కారణాలతో పనేముంది? మా ఇంట్లో ఏ పిల్లో పిల్లవాడో అన్నం సగంలో వదిలి లేచినా, “మీ చిన్నమ్మ లెక్కనే” అని నన్నే చూపిస్తారు.

అందుకే, హిమాలయాల్లో ఒక కనుమ దాటడానికి పోతున్నానని నేను చెప్పిన రోజు, మా ఆయన అన్నం కలుపుకుంటూ తలెత్తకుండా అడిగాడు.

“టికెట్ రానుపోను తీస్కున్నవా, సగం దాకనేనా?”

ఆ పూట ఆయనకు పెరుగు వేయలేదు.

సూర్యాపేటలో కొత్త బస్టాండుకు దగ్గర్లో మాదొక కర్రీ పాయింటు. రోజూ సాయంత్రం కూరలు తీసుకుపోయే ఒక బ్యాంకు ఉద్యోగిని, ఒక రోజు గిరాకీ పల్చగా ఉన్నప్పుడు ఫోనులో ఫోటోలు చూపించింది. నా ఈడు మనిషే. మంచు కొండల మధ్య రెండు కర్రలు పట్టుకుని, ముక్కు ఎర్రగా కంది, నవ్వుతూ నిలబడి ఉంది. వారం రోజుల నడకట. ఒక లోయలో మొదలుపెట్టి, రెండు శిఖరాల మధ్య ఎత్తున ఉండే సందు ఒకటి దాటి, అవతలి లోయలో దిగుతారట. ఆ సందునే కనుమ అంటారు. దాటినవాళ్ళు మళ్ళీ ఇటు రావాల్సిన పనిలేదట. ఆమె చలి గురించి, డేరాల గురించి ఇంకా చాలా చెప్పింది గానీ నా చెవుల్లో ఆ ఒక్క మాటే ఉండిపోయింది. వెనక్కి రానక్కర్లేని నడక. నా కోసమే పెట్టినట్టుంది అనుకున్నాను.

కోదాడలో ఉండే మా అమ్మ ఫోనులోనే తల కొట్టుకుంది. “మోకాళ్ళ నెప్పులని మొన్నేగా మాత్రలు తెచ్చుకున్నావు. మనకెందుకమ్మా ఆ కొండలూ గుట్టలూ? అంతగా కావాలంటే తిరపతి మెట్లెక్కు” అంది. మా ఆయన మాత్రం వద్దనలేదు. ఇంటి మనిషి ఒకరు తోడుంటేనే పంపుతానని మెలిక పెట్టాడు. ఎవరూ రారులే అని ఆయన ధీమా. నేను మాడుగులపల్లికి ఫోన్ చేశాను.

మాడుగులపల్లిలో ఉండేది మా ఆయన అక్క, నాకు వదిన. యాభై దాటింది. సాగర్ కాలువ కింద వాళ్ళకు పొలం ఉంది. కూలీలను పెట్టి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడే రకం కాదు. నాట్ల రోజుల్లో చీర ఎగదోపి తనే మడిలో దిగుతుంది. నేను ఫోన్ చేసినప్పుడు కూడా మడిలోనే ఉంది, వెనకాల ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

“కొండలా? మంచుంటదా?” అంది.

“ఉంటది వదినా. వానలు గూడ ఉంటయట.”

“నాట్లు కానియ్యి. కోతల్లోపల తోల్కొస్తనంటే వస్త. నా తమ్మునికి చెప్పు, అక్క పోతున్నదని.”

ఆ కబురు చెప్పినప్పుడు మా ఆయన మొహం చూడాల్సింది.

నేను రెండు నెలలు కష్టపడి తయారయ్యాను. పొద్దున్నే కూరగాయలు తరగడానికి ముందు సద్దుల చెరువు కట్ట మీద నడిచేదాన్ని. ఆదివారాలు బ్యాగులో కందిపప్పు ప్యాకెట్లు నింపుకుని ఉండ్రుగొండ గుట్ట ఎక్కి దిగేదాన్ని. గుడికి వచ్చినవాళ్ళు ఇదేదో మొక్కు అనుకుని నాకు దారి ఇచ్చేవారు. ఒకామె దండం కూడా పెట్టింది. వదిన ఏ తయారీ చేయలేదు. “దినమంత పొలంలనే తిరుగుత గద” అంది. అదీ నిజమే.

సామాను సర్దడంలో మాత్రం ఎవరి పద్ధతి వాళ్ళది. కర్రీ పాయింటు వాళ్ళకు చేయి తిరిగిన పని ఏదైనా ఉందంటే అది కవరు కట్టడం. వేడి సాంబారు పల్చటి కవర్లో పోసి, మెడ మెలిపెట్టి, మడిచి, రబ్బరు బ్యాండు బిగిస్తే, బస్సులో మిర్యాలగూడ దాకా పోయినా చుక్క కారకూడదు. కారిందంటే ఆ గిరాకీ మళ్ళీ మన గడప తొక్కడు. నా బట్టలన్నీ అలాగే కట్టాను. ఒక్కో జతను కవర్లో పెట్టి, మోకాలితో నొక్కి గాలి తీసేసి, మెడ మెలిపెట్టి బ్యాండు వేసి, దాని మీద ఇంకో కవరు. వదిన చూసి పడీ పడీ నవ్వింది.

“బట్టలా, పప్పుచారా పిల్లా ఇవి?”

తను మాత్రం మామిడికాయ తొక్కు సీసా, కారప్పొడి, పల్లిపట్టీలు ఒక యూరియా సంచిలో వేసి మూతి కట్టుకుని తెచ్చింది. శుభ్రంగా కడిగిన సంచే గానీ మీది అక్షరాలు ఎక్కడికి పోతాయి? నడక మొదలయ్యే ఊళ్ళో, మాతో వస్తున్న హైదరాబాదు పిల్లలు ఆ సంచిని ఫోటోలు తీసుకున్నారు. వదిన ఏమీ అనుకోలేదు, తలా ఒక పల్లిపట్టీ చేతిలో పెట్టింది. ఆ తర్వాత వాళ్ళు ఆమెను ఆంటీ అనడం మానేసి పెద్దమ్మా అన్నారు.

మొదటి రోజు పెద్ద గైడు అందరినీ నిలబెట్టి కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. నలభై దాటిన కొండ మనిషి, మాట తక్కువ. నూలు బట్ట ఒంటికి తగలకూడదు, అది తడిస్తే ఇక్కడ ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది అన్నాడు. ఆయన హిందీకీ మా సూర్యాపేట హిందీకీ మధ్య కొంత దూరం ఉంది గానీ ఆ మాట మాకు అర్థమయింది. వదిన తలూపింది కూడా. డేరాలోకి వచ్చాక మాత్రం, “కాటన్ జాకెట్ లేకుంటే నాకు ఒంటి మీద గుడ్డ లేనట్టే ఉంటది” అని, వాళ్ళు చెప్పిన చొక్కా పైన వేసుకుని, లోపల తన జాకెట్టు తను ఉంచుకుంది. నడుముకు తువ్వాల చుట్టుకుంది, మడిలో దిగేటప్పుడు చుట్టుకున్నట్టే. లోపల ఏముందో ఎవరు చూస్తారులే అనుకున్నాం. నాలుగు రోజులు ఎండ కాసింది, ఏమీ కాలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె నాకంటే ముందే నడిచింది. నేను రొప్పుతూ వెళ్ళేసరికి ఏదో ఒక రాయి మీద కూర్చుని, “రా, రా, సగంల మనిషీ” అని పిలిచేది. ఆమె నోట విన్నప్పుడు ఆ మాట నాకు అంతగా గుచ్చుకోలేదు. ఎందుకంటే ఆమె నేను వచ్చేదాకా కూర్చునేది.

ఐదో రోజు కనుమ దాటాలి. ఆ రోజే వాన పట్టుకుంది.

చినుకు చూస్తే మా చినుకంత కూడా లేదు. గాలే దాన్ని అంత వాన చేసింది. పై నుంచి పడాల్సిన చినుకు పక్క నుంచి వచ్చింది, ఒక్కోసారి లోయలోంచి పైకి కూడా వచ్చింది. రెయిన్‌కోటు టోపీని గాలి వెనక్కి లాగేది, మేం ముందుకు లాక్కునేవాళ్ళం. కాలి కింద రాళ్ళు కదులుతున్నాయి. ముందు నడిచే మనిషి వీపు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. పిల్లలంతా ఇంకో గైడుతో ముందుకు వెళ్ళిపోయారు. పెద్ద గైడు వెనకబడ్డవాళ్ళ కోసం చివర నడుస్తాడు. ఆ వెనకబడ్డవాళ్ళం మేమిద్దరమే.

వదినకు వానను చూస్తే పండగలా ఉంది. మా వైపు మనుషులకు వానంటే భయం ఉండదు. నెలల తరబడి ఎండకు వేగి ఉన్న ఒళ్ళు మావి. తడవడమంటే మాకు చల్లబడటం, చల్లబడటమంటే ప్రాణం లేచి రావడం. నాట్లప్పుడు ఆడవాళ్ళు వానలో తడుస్తూనే నాటేస్తారు, గట్టెక్కి కాసేపు నిలబడితే చీర ఒంటి మీదే ఆరిపోతుంది. ఆ ఎక్కుడు దారిలో వదినకు చెమటలు పట్టాయి. ప్లాస్టిక్ కోటు లోపల ఉక్క. గుండీలన్నీ తీసేసింది.

“గుండీలు పెట్టుకో వదినా” అన్నాను.

“ఉడుకపోస్తున్నది పిల్లా. తడిస్తే ఏమైతది? ఒంటి మీదనే ఆరుతది.”

నాకూ అది సబబుగానే అనిపించింది. అక్కడ ఆరబెట్టడానికి ఎండ లేదన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ముందు ఆమె మాట ఆగింది. దారంతా బోరు మోటారు కాలిన సంగతి, పక్క పొలంవాళ్ళతో గట్టు తగాదా, కోడలు చేసే చేపల పులుసు చెప్తూనే ఉండే మనిషి ఉన్నట్టుండి మూగదైంది. అలసిందేమో అనుకున్నాను. తర్వాత రెండుసార్లు కాలు జారింది. నారు కట్టలు నెత్తిన పెట్టుకుని జానెడు గట్టు మీద నడిచే మనిషికి కాలు జారడమేమిటి? ఒక పెద్ద బండ దగ్గర ఆగి, బ్యాగు పట్టీ తీయబోయింది. వేళ్ళు వంగలేదు. ఆ పట్టీని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. నేను చేయి పట్టుకుంటే ఆమె వణుకు నా భుజం దాకా వచ్చింది.

నాకు భయం వేసింది. ఇంట్లో కడుపులో చల్ల కదలకుండా కూర్చోవాల్సిన మనిషిని నా పంతం కోసం ఇంత దూరం లాక్కొచ్చానే అని, మొదటిసారి ఆ కనుమ మీదే కోపం వచ్చింది.

గైడు వెనక నుంచి వచ్చి, ఆమె మొహం చూసి, చొక్కా చేతిని పైకి లాగి లోపలి జాకెట్టు అంచు పట్టి చూశాడు. నీళ్ళు కారుతున్నాయి. తిట్టలేదు. మమ్మల్ని బండ చాటుకు తీసుకుపోయి, తన దగ్గరున్న ప్లాస్టిక్ పట్టాను గాలికి అడ్డంగా చాపి పట్టుకుని, అటు తిరిగి నిలబడ్డాడు. తడి బట్ట ఒక్కటి కూడా ఉంచొద్దు, అన్నీ తీసేసి పొడివి వేయండి అన్నాడు. వేడి టీ తాగించాక చూస్తానన్నాడు. వణుకు తగ్గితే పైకి, తగ్గకపోతే ఆమెను కిందికి తీసుకుపోతాను, మీరు కావాలంటే పిల్లలతో కనుమ దాటండి, వాళ్ళు పై మలుపులో ఆగి ఉన్నారు, ఈల వేస్తే మనిషి వచ్చి మిమ్మల్ని తీసుకుపోతాడు అన్నాడు.

వదిన బ్యాగు విప్పితే అందులో పొడి గుడ్డ లేదు. బ్యాగు మీది తొడుగును గాలి ఎప్పుడో ఎగరేసుకుపోయింది. నా బ్యాగు కూడా తడిసి ముద్దయింది. కానీ లోపల కవర్లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒక బ్యాండు తీసి పై కవరు విప్పాను, రెండోది విప్పాను. బట్టలు పొడిగా, మా ఇంటి సబ్బు వాసనతో చేతిలోకి వచ్చాయి. నాకు ఏడుపు ఆగలేదు. రోజూ వందల కవర్లు కట్టే చేతులు నావి. దాన్ని ఎవరూ ఒక విద్య అనుకోలేదు, నేను కూడా అనుకోలేదు.

ఒంటికి అతుక్కుపోయిన జాకెట్టును హుక్కులు తెంచి లాగేశాను. తువ్వాలను పిండితే ధారగా నీళ్ళు కారాయి. ఉన్ని బనీను, చొక్కా, ప్యాంటు, మేజోళ్ళు అన్నీ నావే తొడిగాను. కనుమ దాటి అవతల దిగాక వేసుకుందామని దాచుకున్న జత అది. ఆ తర్వాత వదిన బ్యాగులోని యూరియా సంచి మీద నా కళ్ళు పడ్డాయి. అందులోని తొక్కు సీసా, పొడులు నా బ్యాగులో కుక్కి, సంచి అడుగు మూలను ఒకదాన్ని రెండోదానిలోకి దోపాను. వానలో నాటేసే ఆడవాళ్ళు తల మీంచి వీపు దాకా కప్పుకునే ముసుగు అది. మా వైపు పుట్టిన ఎవరికైనా చేయడం వస్తుంది. వదిన తలకు తొడిగి, మీద కోటు వేసి, మెడ దాకా గుండీలు పెట్టాను. అప్పటిదాకా కోటులో దూరి దాన్ని బుడగలా లేపిన గాలి ఇక దూరలేదు.

గైడు ఫ్లాస్కులోంచి టీ పోశాడు. నేను పల్లిపట్టీ ముక్కలు విరిచి ఆమె నోట్లో పెట్టాను. ఆమె రెండు చేతులనూ నా చంకల్లో ఇరికించుకుని కూర్చున్నాను. చాలాసేపటికి నోరు విప్పింది.

“నువ్వు పో పిల్లా. నేను ఈయనతోని దిగుత.”

“నువ్వు దిగితే నేను గూడ దిగుత.”

“మల్ల సగంలకెళ్ళి వస్తవా? నా తమ్ముడు బతకనిస్తడా నిన్ను?”

“అననియ్యి. ఏమన్న అననియ్యి.”

నేను మాట వరసకు అనలేదు. నిజంగానే దిగడానికి సిద్ధమయ్యాను. ఆ కనుమ కోసం పప్పు మోసుకుంటూ గుట్ట ఎక్కిన మనిషిని. అయినా ఆ బండ చాటున, ఆమె చేతుల్లోకి వేడి వస్తుందా లేదా అని చూస్తూ కూర్చున్నప్పుడు, వెనక్కి పోవడం నాకు చిన్నతనంగా అనిపించలేదు. బాధ మాత్రం వేసింది, బాగా వేసింది. కనుమ ఇక్కడికి గంట నడక కూడా ఉండదని గైడు అప్పుడే చెప్పాడు మరి.

వదిన నా మొహం చూసింది.

“నాటేసేటప్పుడు ఒక్కతి ఎనకవడితే ఏం జేస్తరు?” అంది.

అది నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో రెండు పంటలకు వాళ్ళ పొలంలో నేనూ నాటేశాను. ఆడవాళ్ళంతా వరుసగా వంగి, ఎవరి వంతు వాళ్ళు వేసుకుంటూ పోతారు. ఆ వంతును మునుం అంటారు. ఒకామెకు నడుము పట్టేసి వెనకబడితే ఆమెను గట్టెక్కించి ఇంటికి పంపరు. అటు పక్కామె కొంత, ఇటు పక్కామె కొంత ఆమె మునుంలోంచి తీసుకుని వేస్తారు. వరుస మొత్తం ఒక్కసారే గట్టు చేరుతుంది.

“పక్కోళ్ళు ఆమె మునుం పంచుకుంటరు” అన్నాను.

“మరి పంచుకో. నా బ్యాగుల బరువు తీయి. వణుకు తగ్గింది, సూడు.” చేయి చాపింది. చేయి ఇంకా కొద్దిగా కదులుతోంది. కానీ పెదాలకు రంగు వచ్చింది, గొంతు మళ్ళీ మా వదిన గొంతయింది. “నా సాకు మీద నువ్వు దిగుతనంటే ఊకుంటనా? రేపటికెళ్ళి అందరు నీ పేరు ఇడిశిపెట్టి నా పేరు జెప్తరు.”

గైడు ఆమెను లేపి కొన్ని అడుగులు నడిపించాడు. బ్యాగు పట్టీ పెట్టి తీయమన్నాడు. పెట్టి తీసింది. ఏ ఊరని, పిల్లలెందరని అడిగాడు. జవాబులు తడుముకోకుండా చెప్పి, “ఈయనకెందుకు నా ఇంటి సంగతులు” అని నాతో గొణిగింది. ఆయనకు తెలుగు రాదు గానీ ఆ గొణుగుడు విని మొదటిసారి నవ్వాడు. పదండి, మెల్లగా, ఆగకుండా, మళ్ళీ వణుకు వస్తే మాత్రం దిగుడే అన్నాడు. రెండు ఈలలు వేసి పై మలుపులోని పిల్లలను ముందుకు సాగమన్నాడు.

వదిన సామానులో కొంత ఆయన తీసుకున్నాడు, మిగతాది మూటగట్టి నా బ్యాగు మీద పెట్టుకున్నాను. తొక్కు సీసా పారేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అది పారేస్తే వదిన నన్ను కూడా పారేస్తుందని ఊరుకున్నాను.

ఆ చివరి ఎక్కుడులో దారి అనేదే లేదు. రాళ్ళు, రాళ్ళ మధ్య పారే నీళ్ళు, గాలి. గాలి తగ్గినప్పుడు నడవడం, వీచినప్పుడు కర్రల మీద వంగి నిలబడటం. ముందు గైడు, మధ్యలో వదిన, వెనక నేను. కోటు మెడ పైన యూరియా సంచి ముసుగు కనిపిస్తోంది. నలభై అయిదు కిలోలు అని రాసి ఉంది. నేను దాన్నే చూస్తూ నడిచాను. నా వీపు మీద అంత బరువూ ఉన్నట్టే ఉంది.

కొంత దూరం పోయాక ఈసారి నా మోకాలు మొరాయించింది. అమ్మ ఫోనులో ఎత్తి చూపిన మోకాలే. ఒక రాయి ఎక్కబోతే కాలు లేవలేదు. రెండోసారీ లేవలేదు. నాకు పిచ్చి కోపం వచ్చింది. మోకాలిని తిట్టాను, గాలిని తిట్టాను, రాయని పరీక్షలను, కోదాడ రోడ్డు మీది బర్రెను కూడా తిట్టాను, పైకే తిట్టాను. వదిన వెనక్కి తిరిగి చూసి, రెండడుగులు దిగి వచ్చి, నా బ్యాగు మీది మూటను ఊడదీసి తన భుజానికి వేసుకుంది.

“నీకు మల్ల అయితది వదినా.”

“మోస్తేనే ఒంట్ల ఉడుకుంటది. పాదం పక్కకు తిప్పి ఎయ్యి, వేళ్ళు నొక్కు. వానల గట్టు మీద నడుస్తం సూడు, గట్ల. నా అడుగుల అడుగెయ్యి.”

వేశాను. మోకాలి మీద బరువు కొంచెం తగ్గింది. ఆమె కాలు తీసిన చోట నా కాలు, మళ్ళీ ఆమె కాలు తీసిన చోట నా కాలు. ఎంతసేపు నడిచామో తెలియదు. ఎదురుగా ఒక రాయి కనిపించేది, దాన్ని ఎక్కేదాన్ని, ఇంకొకటి కనిపించేది. ఆ తర్వాత ఎక్కడానికి రాయి కనిపించలేదు. ఎదురుగా నేలే లేదు, ఉత్త తెల్లటి మబ్బు. గాలి ఒక్కసారిగా మొహం మీద కొట్టింది, అప్పటిదాకా పక్కల నుంచి కొట్టిన గాలి కాదు, అవతలి లోయ గాలి. ఒక రాళ్ళ కుప్ప, దానికి కట్టిన రంగు గుడ్డలు పటపట కొట్టుకుంటున్నాయి. పిల్లలంతా కుప్ప చాటున ముడుచుకుని కూర్చున్నారు. యూరియా సంచిని చూడగానే లేచి చప్పట్లు కొట్టారు.

“ఇదేనా?” అంది వదిన.

“ఇదే.”

“ఏం కనపడ్తలేదు గద.”

“కనపడకున్న ఇదే వదినా.”

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. నవ్వితే నోట్లోకి వాన కొడుతోంది, అయినా ఆపలేకపోయాం. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. పెళ్ళిలో సగం దిగులు, పిల్లలు పుట్టినప్పుడు సగం భయం. ఇందులో ఇంకేదీ కలవలేదు. ఫోటోలో చూసిన మంచు శిఖరాల కోసం అంత దూరం వెళ్ళి మబ్బు తప్ప ఏమీ చూడలేదు, రవ్వంత కూడా బాధనిపించలేదు. నేను ఆ కుప్ప మీద ఒక రాయి పెట్టాను. వదిన కూడా ఒకటి పెట్టి, అలవాటుగా నేలకు దండం పెట్టుకుంది. ఆ సంచి ముసుగులోనే ఆమె తీయించుకున్న ఫోటో ఇప్పుడు మా కర్రీ పాయింటులో గల్లాపెట్టె పైన ఉంది. గిరాకీలు చూసి, ఈ నాట్లు ఏ ఊళ్ళో అని అడుగుతుంటారు.

అవతలి వైపు దిగుతుంటే వాన పల్చబడింది. ఆ సాయంత్రం డేరాలో వేడన్నంలో తొక్కు కలిపి వదిన అందరికీ ముద్దలు పెట్టింది. గైడుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకో ముద్దకు చేయి చాపాడు. వదిన కాటన్ జాకెట్టు తాడు మీద వేలాడుతూనే ఉంది. తెల్లారినా ఆరలేదు.

మరునాడు కిందికి దిగాక మొదటి ఊరు వచ్చింది, ఫోనులో సిగ్నలూ వచ్చింది. కర్రీ పాయింటులో మధ్యాహ్నం గిరాకీ జోరుగా ఉండే వేళ. మా ఆయన ఎత్తాడు. వెనకాల గరిటెల చప్పుడు, ఎవరో పప్పు అడుగుతున్నారు.

“ఆఁ, చెప్పు. ఏడికెళ్ళి తిరిగొచ్చిన్రు?”

మొదటి మాటే అది. ఇంకో రోజైతే ఒళ్ళు మండేది.

“తిరిగి రాలే” అన్నాను.

“అంటే?”

“దాటినం. నేను, మీ అక్క. అవతల దిగినం.”

గరిటె చప్పుడు ఆగింది. పప్పు అడుగుతున్న మనిషి మళ్ళీ అడిగాడు.

“మరి మీరు పోయిన దారి?” అన్నాడు మా ఆయన.

“అది కొండకు ఆవల ఉన్నది. ఇగ దాంతోని మాకు పనిలేదు.”

“మరి ఇంటికెట్ల వస్తరు?” ఆటకు కాదు, నిజంగానే కంగారుపడి అడిగాడు.

“ముందుకు నడిచి” అన్నాను.